నలభై ప్రతుల ముద్రాచిత్రం, అందులో తిరగబడిన ఒక తలకట్టు

ప్రశ్న: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

గత నెలలో హైదరాబాదులో జరిగిన ఒక ప్రదర్శనలో నేనొక ముద్రాచిత్రం, అంటే కాగితం మీద అచ్చు తీసిన చిత్రం, కొన్నాను. డబ్బు పెట్టి చిత్రం కొనడం నాకు ఇదే మొదటిసారి. ఇంటికి తెచ్చిన నాటి నుంచి దాని గురించి రోజుకో మాట వినవలసి వస్తోంది కాబట్టి, ఈ పని తెలిసినవారు ఎవరైనా నా సందేహం తీరుస్తారేమోనని వివరంగా రాస్తున్నాను.

కాగితం నిలువు 56, అడ్డం 38 సెంటీమీటర్లు ఉంది. మందమైన తెల్లని కాగితం, అంచులు కత్తెరతో కోసినట్టు కాక పీచుగా ఉన్నాయి. చిత్రంలో ఫలానా అని గుర్తుపట్టగల వస్తువు ఒక్కటీ లేదు. పైభాగమంతా నీలం, అది కిందికి దిగేకొద్దీ నలుపులోకి మారుతుంది. నడుమ ఇటుకరంగు చార ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగుతుంది. దాని కింద బూడిదరంగు నేల మీద ఏడు పంక్తుల కవిత, కవి సొంత దస్తూరీలోనే ఉంది. కవిత ఎండిపోయిన చెరువు గురించి. నీళ్లు పోయాక తూము రాతి మీద మిగిలిన చారను చూపించి, ఒకప్పుడు నీరు ఎంత ఎత్తున ఉండేదో ఊళ్లో పెద్దవాళ్లు పిల్లలకు చెబుతుంటారు; అంతే కవిత. అడుగున పెన్సిలుతో ఎడమవైపు 17/40 అని, కుడివైపు చిత్రకారిణి సంతకం, దాని పక్కనే కవి సంతకం ఉన్నాయి.

సమస్య ఐదో పంక్తిలో ఉంది. ఆ పంక్తి 'గట్టు మీద' అని మొదలవుతుంది. అందులో 'గ' మీది తలకట్టు తిరగబడింది. మామూలుగా తలకట్టు ఎడమవైపు చిన్నగా దిగి కుడివైపు పొడుగ్గా పైకి లేస్తుంది కదా, ఇక్కడ అద్దంలో చూసినట్టు ఎడమవైపుకు లేచింది. మిగిలిన అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. కొన్నప్పుడు నేను గమనించలేదు. మా బావగారు వచ్చి, కళ్లజోడు సవరించుకుని ఒక్కో పంక్తీ చదివి, "ఇంత డబ్బు పోసి అచ్చుతప్పు కొనుక్కొచ్చావన్నమాట" అన్నారు. అమ్మినవారికి ఫోను చేస్తే, "అది ఒరిజినల్ ప్రింటండీ, అలాగే ఉంటుంది" అన్నారే తప్ప కారణం చెప్పలేదు; రెండోసారి చేస్తే ఫోను ఎత్తలేదు.

ఒరిజినల్ ప్రింటు అన్న మాటే నాకు మింగుడుపడడం లేదు. నలభై ప్రతులున్నదాన్ని అసలు ప్రతి అని ఎలా అంటారు? ఇది కంప్యూటరు నుంచి తీసిన నకలు కాదని ఇంట్లోనే తేల్చుకునే దారి ఏదైనా ఉందా? ఈ తప్పు చూపించి వెనక్కి ఇచ్చేయవచ్చునా? ఇంకో సందేహం కూడా ఉంది. ఆ నీలంలో ఎంత వెతికినా చెరువు కనబడదు. బొమ్మ దారి బొమ్మది, కవిత దారి కవితది అయినప్పుడు రెండింటినీ ఒకే కాగితం మీద వేయడం దేనికి? ఈలోగా పటం కట్టే ఆయన నాలుగు వైపులా ఒకటిన్నర అంగుళం కోసేస్తే చక్కగా అమరుతుందంటున్నాడు. ఆయనను వారం రోజులు ఆగమన్నాను.

రాగిరేకు

గోదావరి గట్టు గారికి నమస్కారం. పటం కట్టే ఆయనను ఆగమనడం కాదు, ఆ కత్తెర పక్కన పెట్టమని చెప్పండి. ముద్రాచిత్రానికి అంచులు కూడా చిత్రంలో భాగమే. సంఖ్య, సంతకాలు అక్కడే ఉన్నాయి. కోసిన ప్రతిని తరవాత ఎవరూ పూర్తి ప్రతిగా లెక్కించరు.

నేను ఇరవై ఏళ్లుగా ఎచింగ్ చేస్తున్నాను కాబట్టి మీ తలకట్టు సంగతి చదవగానే నవ్వు వచ్చింది. మీ మీద కాదు, ఆ పంక్తి రాసిన చెయ్యి నాకు తెలిసినట్టే అనిపించి. ఎచింగ్‌లో రాగి రేకు మీద గానీ జింకు రేకు మీద గానీ యాసిడ్‌ను ఆపే పూత ఒకటి పూస్తారు. సూదితో ఆ పూతను గీకుతూ బొమ్మ గీస్తారు, లేదా అక్షరాలు రాస్తారు. రేకును యాసిడ్‌లో ఉంచితే సూది గీకిన చోట మాత్రమే లోహాన్ని తినేసి గాడి పడుతుంది. ఆ గాడుల్లోకి సిరా కూరి, పైపైన ఉన్నదంతా గాజుగుడ్డతో తుడిచేసి, తడిపిన కాగితం కప్పి ప్రెస్సులో నడిపిస్తే, మెత్తబడిన కాగితం గాడుల్లోకి దిగి సిరాను పైకి లాక్కొస్తుంది. అయితే రేకు మీద ఉన్నది కాగితం మీద ఎడమ కుడిగా, కుడి ఎడమగా మారి వస్తుంది. బొమ్మకు దానివల్ల పెద్ద నష్టం ఉండదు. కవిత మాత్రం సరిగా చదవడానికి రావాలంటే రేకు మీద కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ అద్దంలో కనిపించే తీరులో రాయాలి.

తెలుగులో ఇలా రాసి చూసినవారికే ఆ కష్టం తెలుస్తుంది. సున్న ఒక్కటే ఎటు తిప్పినా సున్నగా ఉండి ఊరటనిస్తుంది. 'శ', 'ఖ', 'ఘ' లాంటివి మొదటి నుంచీ భయపెడతాయి కాబట్టి వాటి దగ్గర చెయ్యి జాగ్రత్తగానే నడుస్తుంది. దెబ్బ తీసేవి సులువైన అక్షరాలు. 'గ' ఒళ్లు వంపు తిరిగిన గుమ్మంలా ఎటు చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. దాన్ని రాసేటప్పుడు తిప్పి రాస్తున్నామన్న ధ్యాస ఒక్క క్షణం సడలుతుంది. ఆ క్షణంలో, ఐదేళ్ల వయసు నుంచి అలవాటైన చెయ్యి తలకట్టును మామూలుగా పెట్టేస్తుంది. రేకు మీద సరిగా పడినది కాగితం మీద తిరగబడుతుంది. మీ ఐదో పంక్తిలో జరిగింది ఇదేనని నా నమ్మకం. కంప్యూటరులో తిప్పితే కవిత మొత్తం తిరుగుతుంది, ఒక్క తలకట్టు తిరగదు. మీ బావగారు అచ్చుతప్పు అన్నది నిజానికి చేతితప్పు; ఎవరో ఒకరు రేకు మీద స్వయంగా రాశారనడానికి అంతకన్నా గట్టి గుర్తు నాకు తోచడం లేదు.

దిద్దలేరా అంటే దిద్దవచ్చు. ఆ గీతను గీకుడు కత్తితో గీకి, నునుపు చేసి, మళ్లీ పూత పూసి, మళ్లీ రాసి, మళ్లీ యాసిడ్‌లో ఉంచాలి. చుట్టుపక్కల బూడిదరంగు నేల చెదరకుండా ఆ పని చేయడం కష్టం. వాళ్లు చూసి వదిలేశారో, చూడకుండానే నలభై తీశారో వాళ్లే చెప్పాలి.

ఇక ఒరిజినల్ అన్న మాట. ఈ పద్ధతిలో, ముందే పూర్తయిన చిత్రం ఒకటి ఎక్కడో ఉండి, దానికి ఇవి నకళ్లు కావడం అంటూ ఉండదు. రేకు చిత్రం కాదు, పనిముట్టు. కాగితం మీద పడేదాకా చిత్రమే లేదు, పడిన ప్రతిదీ అసలే. 17/40 అంటే నలభై మాత్రమే తీస్తామని ఇచ్చిన మాట, అందులో మీది పదిహేడో సంఖ్య. అది పదిహేడోసారి ప్రెస్సులోంచి వచ్చినదే కానక్కరలేదు, సంఖ్యలు ఆఖరున ఆరబెట్టాక వేస్తారు. ఇవి కాక కళాకారుల కోసం ఎ.పి. (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని రాసిన కొన్ని ప్రతులు విడిగా ఉంటాయి, సాధారణంగా పదోవంతుకు మించవు. పని ముగిశాక రేకు మీద అడ్డంగా గీత కొట్టి ఇక పనికిరాకుండా చేసే ఆనవాయితీ ఉంది. అమ్మినవారు మళ్లీ ఫోను ఎత్తితే అది జరిగిందా అని అడగండి.

మీ నీలం, ఇటుకరంగు ఒకే రేకు నుంచి ఒకేసారి వచ్చాయేమో కూడా చూడండి. అలా అయితే ఆ విద్యలో మనవాడి చెయ్యి ఉంది. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు శాంతినికేతనంలో చదివి, లండను మీదుగా పారిస్ చేరి, అక్కడ హేటర్ అనే ఇంగ్లీషు ముద్రాచిత్రకారుడు నడిపిన అటెలియే 17 అనే కార్యశాలలో ఈ పద్ధతిని రూపుదిద్దినవారిలో ముఖ్యులు. రేకును రెండు మూడు లోతుల్లో చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపి పలచన చేసిన సిరాను గట్టి రోలరుతో నడిపితే అది మిట్టల మీదే అంటుతుంది. తరవాత చిక్కటి సిరాను మెత్తని రోలరుతో నడిపితే అది పల్లాల్లోకి దిగుతుంది, కానీ నూనె సిరా ఉన్న చోట అంటుకోదు. రంగుకో రేకు అక్కరలేకుండా అన్ని రంగులూ ఒకే నడకలో కాగితానికి ఎక్కుతాయి. సిరాలో నూనె ఒక్క చుక్క ఎక్కువైనా ఫలితం మారుతుంది కనుక, ఇలా తీసిన రెండు ప్రతులు అచ్చంగా ఒక్కలా రావడం అరుదు.

పరీక్ష సులువే. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం తెచ్చుకోండి. చిత్రం చుట్టూ కాగితం నొక్కుకుపోయిన గీత, అంటే రేకు అంచు గుర్తు, ఉండాలి. దీపాన్ని పక్కనుంచి పెట్టి చూస్తే అక్షరాల సిరా కాగితం మీద సన్నని గట్టులా లేచి ఉండాలి. కాగితం వెనుక కూడా ఆ నొక్కు కనబడుతుంది. వెనక్కి ఇవ్వడం మీ ఇష్టం, నేనైతే ఇవ్వను.

చుక్కల లెక్క

నేను డిజిటల్ ప్రింటింగ్ దుకాణం నడుపుతాను, కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. 'లిమిటెడ్ ఎడిషన్' అన్న మాటకు ఇప్పుడు పెద్ద కట్టుబాటు లేదు. చిత్రాన్ని స్కాన్ చేసి, మంచి కాటన్ కాగితం మీద ఇంక్‌జెట్‌తో తీసి, కింద పెన్సిలుతో 17/40 వేసి అమ్మేవారు ఉన్నారు. నా దగ్గరికే వస్తారు. ఆ సంగతి కొనేవారికి చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు, చెప్పకపోతేనే గొడవ.

భూతద్దంలో ఇంక్‌జెట్ అయితే అక్షరం అంచు చుట్టూ తుంపర చల్లినట్టు సన్నని చుక్కలు కనబడతాయి, నల్లని అక్షరంలో కూడా వేరే రంగుల చుక్కలు దొరుకుతాయి. పుస్తకాలు, పత్రికలు అచ్చువేసే ఆఫ్‌సెట్ అయితే చుక్కలు వరస కట్టి చిన్న చిన్న పువ్వుల్లా కూర్చుంటాయి. సిల్క్ స్క్రీన్ అయితే రంగు కాగితం పైన పొరలా చదునుగా ఉంటుంది. రాగిరేకు గారు చెప్పిన రేకు గుర్తును మాత్రం ఒక్కదాన్నే చూసి నమ్మకండి. డిజిటల్ ప్రింటు మీద ఖాళీ రేకు పెట్టి ప్రెస్సులో నొక్కి ఆ గుర్తును తెప్పించడం పెద్ద విద్యేమీ కాదు. సిరా లేచి ఉందా లేదా అన్నదే చూడండి. తలకట్టు వాదన మాత్రం నేనూ ఒప్పుకుంటాను. మా యంత్రానికి అంత తెలివీ లేదు, అంత పరాకూ లేదు.

పాత బీరువా

గోదావరి గట్టు గారూ, బొమ్మలో చెరువు లేదన్న మీ మాట దగ్గర నేను ఆగిపోయాను. సాంకేతికం పైవారు చెప్పారు కాబట్టి దాని జోలికి పోను.

కవితనూ బొమ్మనూ ఒకే రేకు మీద పెట్టాలన్న పట్టుదల ఇంగ్లీషు కవి, చిత్రకారుడు విలియం బ్లేక్‌ది. 1789లో వెలువడిన ఆయన పాటల పుస్తకంలో అక్షరం, తీగ, మనిషి అన్నీ ఒకే రాగి మీద నుంచి వచ్చాయి. ఆయన చేసినది ఎచింగ్‌కు తలకిందులు: యాసిడ్‌కు లొంగని ద్రవంతో రాసి, మిగిలిన లోహాన్ని తినిపించి, అక్షరాలను ఉబ్బెత్తుగా నిలబెట్టాడు. అయితే అన్ని పేజీలను తిప్పి ఎలా రాశాడన్నది తరవాతివారిని వేధించింది. యుద్ధకాలంలో హేటర్ తన కార్యశాలను పారిస్ నుంచి న్యూయార్కుకు మార్చాడు. అక్కడ 1947లో ఆయన, స్పెయిన్ చిత్రకారుడు మీరో, రూథ్‌వెన్ టాడ్ అనే కవి కలిసి ఈ చిక్కుముడి విప్పాలని ప్రయత్నించారు. కాగితం మీద మామూలుగా రాసి, దాన్ని వేడిచేసిన రేకు మీదికి బదిలీ చేస్తే అక్షరాలు వాటంతటవే తిరగబడతాయని చేసి చూపించారు. టాడ్ కవితలు, మీరో గీతలు అలా ఒకే రేకు మీదికి ఎక్కాయి. బ్లేక్ బదిలీ చేయలేదు, నేరుగా తిప్పే రాశాడని తరవాతి పరిశోధకులు గట్టిగా వాదించారు. రాగిరేకు గారి మాట విన్నాక నేనూ అటే మొగ్గుతున్నాను.

ఆ ప్రయోగం వృథా పోలేదు. అదే కార్యశాలలో పీటర్ గ్రిప్పే అనే శిల్పి 1951లో ఒక పని తలపెట్టాడు. ఇరవై ఒక్కమంది చిత్రకారులు, ఇరవై ఒక్కమంది కవులు, జంటకొక రేకు. డి కూనింగ్‌కు హెరాల్డ్ రోజెన్‌బర్గ్, ఫ్రాంజ్ క్లైన్‌కు ఫ్రాంక్ ఒహారా, హేటర్‌కు ఒక ఫ్రెంచి కవి. గ్రిప్పే తనకు డిలన్ థామస్‌ను జంటగా పెట్టుకున్నాడు. సంతకం పెట్టిన చెయ్యి ఒక నగరాన్ని ఎలా కూల్చిందో చెప్పే కవిత అది. దాన్ని కవి తన చేత్తోనే రాసి ఇవ్వడం కాకతాళీయమే అయినా నాకు ఎప్పుడూ గుర్తుండిపోతుంది. అంతా పూర్తయి 1960లో యాభై ప్రతులుగా వెలువడే సరికి థామస్ చనిపోయి ఏడేళ్లయింది. దాదాపు అదే కాలంలో ఒహారా, చిత్రకారుడు లారీ రివర్స్‌తో కలిసి లాంగ్ ఐలండ్‌లో ముద్రాచిత్రాల ప్రచురణకర్త తాత్యానా గ్రోస్‌మన్ ఇంట్లో లితో రాళ్ల (నునుపు రాతి మీద గీసి అచ్చు తీసే పద్ధతి) మీద మరో చిత్రాల వరస చేశాడు, ఇరవై ఐదు ప్రతులు. అక్కడ కవి రాతి మీద తిప్పి రాయవలసి వచ్చింది. మీ కవి పడ్డ పాట్లు ఆయనా పడ్డాడన్నమాట.

ఇప్పుడు మీ చెరువు. వీటిలో మంచివాటిని చూస్తే, బొమ్మ కవితకు బొమ్మ కాదు. కవిత చెప్పినదాన్నే మళ్లీ గీస్తే చదువరికి మిగిలేది ఏముంటుంది? 1913లో చిత్రకారిణి సోన్యా దెలోనే, కవి బ్లేజ్ సాంద్రార్ కలిసి రష్యా రైలు ప్రయాణం మీద రెండు మీటర్ల పొడవైన మడత కాగితం తయారుచేశారు. కుడివైపు కవిత, ఎడమవైపు పై నుంచి కింది దాకా రంగుల వలయాలు. రైలు గానీ, పట్టాలు గానీ ఎక్కడా లేవు. అడుగున ఒక చిన్న ఎర్రని ఈఫిల్ గోపురం మాత్రం ఉంది. నూట యాభై ప్రతులు తీసి ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తే ఆ గోపురమంత ఎత్తవుతుందని వాళ్లు చెప్పుకున్నారు, అన్ని తీయలేకపోయారనుకోండి. దాన్ని చదువుతుంటే కన్ను రంగుల మీదుగా కిందికి జారుతూ ఉంటుంది. ప్రయాణం ఆ జారుడులో ఉంది.

మీ చిత్రానికి ఇంకా దగ్గరి చుట్టం అమెరికన్ చిత్రకారుడు మదర్‌వెల్ చేసిన వరస. స్పానిష్ కవి రఫాయేల్ అల్బెర్తి రంగులను ఉద్దేశించి రాసిన కవితలకు ఆయన 1968 నుంచి 1972 దాకా ఇరవై ఒక్క ఆక్వాటింట్లు (గీతలు కాక రంగు పరుపుగా వచ్చే ఎచింగ్‌లు) చేశాడు, మీది లాగే నలభై ప్రతులు. కవిత నీలాన్ని పిలుస్తుంది, పక్కన ఒక నీలం ఉంటుంది. అది సముద్రం కాదు, ఆకాశం కాదు. ఆ మాట విన్నప్పుడు కన్ను ఆగే చోటు, అంతే. చార సంగతి మీకు తెలియకుండానే మీరు రెండుసార్లు చెప్పేశారు. కవితలో తూము రాతి మీద చార ఉంది, కాగితం మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చార ఉంది, దానికి పైన నీలం, కింద ఎండిన బూడిదరంగు. చెరువును గీయలేదు, నీటిమట్టాన్ని గీశారు. కవిత ఆ గీతకు దిగువన, నీళ్లు లేని చోట రాయబడి ఉందని కూడా గమనించండి.

పద్మబంధం

పాత బీరువా గారు పారిస్, న్యూయార్కు తిరిగివచ్చారు గానీ మన ఇంటి సంగతి మరచిపోయారు. అక్షరాన్నీ బొమ్మనూ కలపడం మనకు కొత్త కాదు. పద్మబంధం, నాగబంధం, చక్రబంధం అంటూ పద్యాన్ని బొమ్మలో ఇమిడ్చిన చిత్రకవిత్వం మన ప్రబంధాల నిండా ఉంది.

పాత బీరువా

మరచిపోలేదు, వేరని వదిలేశాను. నాగబంధంలో పాము ఆకారం ముందే ఖాయం. దాని మెలికలు ఒకదాన్నొకటి దాటే చోట ఒకే అక్షరం రెండు పాదాలకూ సరిపోవాలి. గొప్పతనమంతా ఆ కూర్పులో ఉంది. అదే పద్యాన్ని పామును తీసేసి వరసగా రాసినా పద్యం చెడదు. ఇక్కడ చారను తీసేస్తే ఏడు పంక్తులు మిగులుతాయి గానీ, ఈయన కొన్నది మిగలదు. మన దగ్గర దీనికి దగ్గరి వస్తువు వెతకాలంటే నేను దస్తూరీ వైపు వెతుకుతాను. శ్రీశ్రీ మహాప్రస్థానాన్ని 1981లో లండను నుంచి ఆయన సొంత దస్తూరీలోనే అచ్చు వేశారు. బొమ్మతో పని లేకుండానే ఆ పేజీని చదవడానికి ముందే చూస్తాం.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

పటం గురించి నాలుగు మాటలు. లామినేషన్ వద్దు. అట్టకు జిగురుతో పూర్తిగా అంటించడం వద్దు. సెల్లోటేపు అసలే వద్దు, పదేళ్లలో పసుపు మరక కాగితంలోకి దిగుతుంది. ఆమ్లం లేని మౌంటు బోర్డు అడగండి. పై అంచున రెండు చోట్ల మాత్రం పలచని జపాను కాగితపు పట్టీలను గోధుమ గంజితో అంటించి వేలాడదీయించండి. మన గోడ పోస్టర్ల మైదా జిగురు కాదు, దానికి పురుగు పడుతుంది. మౌంటు కిటికీని, అంటే చిత్రం కనబడేందుకు పై బోర్డులో కోసే ఖాళీని, రేకు గుర్తుకూ పెన్సిలు సంతకాలకూ బయటగా కోయించాలి. పీచు అంచులను కూడా చూపించాలనుకుంటే కాగితాన్ని బోర్డు మీద తేలినట్టు అమర్చి, చుట్టూ సన్నని చెక్కపట్టీ పెట్టి అద్దాన్ని దూరంగా నిలపవచ్చు. ఎలా చేసినా అద్దం కాగితానికి తగలకూడదు, తగిలితే గాలిలోని చెమ్మకు బూజు వస్తుంది. సముద్రం పక్కన ఉండి ఈ సంగతి నేను ఒక మంచి చిత్రాన్ని పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఎండ నేరుగా పడే గోడా, స్నానాల గదికి ఆనుకున్న గోడా తప్పించండి.

గోదావరి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. కోటగుమ్మం దగ్గర గడియారాల దుకాణాయన తన భూతద్దాన్ని ఒక పూట అరువిచ్చాడు. నిన్న రాత్రి బల్ల దీపాన్ని పక్కకు వంచి చూశాను.

చిత్రం చుట్టూ నొక్కు ఉంది, వెనుక వైపు వేలితో తడిమితే తెలుస్తోంది. అక్షరాల మీద చుక్కలు లేవు. సిరా నిజంగానే లేచి ఉంది. దీపం వంచినప్పుడు ప్రతి గీత పక్కన ఒక వెంట్రుకంత నీడ పడింది. ఇటుకరంగు చార అంచున నీలం ఆగిపోలేదు, రెండూ ఒకదానిలోకి ఒకటి చొరబడి, ఒకచోట నూనె మీద నీళ్లలా చిన్న చిన్న కళ్లుగా విడిపోయాయి. ఇంకొకటి కూడా కనబడింది. తిరగబడిన తలకట్టు మిగిలిన తలకట్లన్నిటికన్నా ధారాళంగా ఉంది. మిగిలినవి రెండు ముక్కలుగా, ఆగి ఆగి గీసినట్టున్నాయి, ఇది ఒక్క విసురు. అది చూశాక రాగిరేకు గారి మాట మీద నాకు అనుమానం మిగలలేదు. మా బావగారికి కూడా భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూసి, "అయినా తప్పు తప్పే" అన్నారు, కానీ భూతద్దం వెంటనే తిరిగి ఇవ్వలేదు.

వెనక్కి ఇచ్చే ఆలోచన మానుకున్నాను. రేకు మీద గీత కొట్టారా లేదా అన్నది మాత్రం ఉత్తరం రాసి అడిగాను, జవాబు రావాలి.

ముప్ఫై ఒకటి

ఆలస్యంగా చూశాను. అదే ప్రదర్శనలో అదే చిత్రం 31/40 నేను కొన్నాను. మీరు రాసినది చదివి ఇప్పుడే వెళ్లి చూసివచ్చాను: నా ప్రతిలోనూ ఐదో పంక్తిలో తలకట్టు ఎడమవైపుకే లేచింది. కానీ మీరు చెప్పిన ఆ చిన్న చిన్న కళ్లు నా చారలో లేవు. నాది కుడి చివరకు వచ్చేసరికి బాగా పలచబడి, దాదాపు నీలంలో కలిసిపోయింది. నేను తొమ్మిదో తేదీన రాజమహేంద్రవరం వస్తున్నాను. అభ్యంతరం లేకపోతే నాది చుట్టి తెస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

చుట్టవద్దు. రెండు అట్టల నడుమ చదునుగా పెట్టి తీసుకెళ్లండి.